పొలంలో తీసిన రీడింగు పదిమందికి పనికిరావాలంటే



జ్వరంతో చేరిన రోగి చార్టులో ‘101’ అని మాత్రమే రాసి ఉందనుకోండి. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టరుకు అది ఏమి తెలుపుతుంది? ఎన్ని గంటలకు చూశారు? నోటిలోనా, చంకలోనా? మాత్ర వేయకముందా, వేసిన తరువాతా? ఇవి తెలియకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే. నర్సింగు విద్యార్థినులకు మేము మొదట నేర్పేది ఇదే.

పొలాల్లో జరిగే ప్రయోగాలకూ ఇదే వర్తిస్తుంది.

సెన్సారు అంటే ఏమిటి?

మనిషి చూడకపోయినా తనంతట తానే కొలిచి నమోదు చేసుకునే చిన్న పరికరం సెన్సారు. నేలలో తేమ, గాలిలో వేడి, వాన, ఆకుల పెరుగుదల వంటివి రాత్రింబగళ్లు కొలుస్తుంది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థలో ‘లీసీస్కాన్’ అనే ఏర్పాటు గురించి శాస్త్రజ్ఞులు 2015లో ప్రచురించారు. అందులో స్కానర్లు మొక్కలపై కదులుతూ ఆకుల విస్తీర్ణం కొలుస్తాయి. కింద ఉన్న తూకపు పరికరాలు మొక్క ఎంత నీరు వాడిందో చెబుతాయి. తక్కువ నీటితో తట్టుకునే రకాలను గుర్తించడానికి ఇది తోడ్పడుతుంది.

అంకెలు ఎందుకు వృథా అవుతాయి?

ప్రయోగం ముగిశాక అంకెలు ఒకరి కంప్యూటరులోనే ఉండిపోతే, ఆయన బదిలీ అయ్యాక వాటిని అడిగేవారుండరు. 2015 నాటి కరువును మళ్లీ తెచ్చి కొలవలేము కదా! పోయిన రీడింగు పోయినట్టే.

ఒక్కొక్కసారి అంకెలు ఉన్నా దొరకవు. మన హుస్నాబాద్‌నే తీసుకోండి. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఆ తరువాత సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. 2010లో ఇక్కడి మొక్కజొన్న చేలో తీసిన రీడింగులపై ‘కరీంనగర్ జిల్లా’ అని మాత్రమే ఉంటే, నేడు సిద్దిపేట అని వెతికేవారికి అవి కనబడవు. అక్షాంశ రేఖాంశాలు కూడా రాసి ఉంటే జిల్లా మారినా చేను దొరుకుతుంది.

ఏమేమి రాయాలి?

1. చోటు, తేదీ, గంట.
2. ఏ పరికరం, ఎంత లోతులో లేక ఎత్తులో పెట్టారు. నోటి జ్వరానికీ చంక జ్వరానికీ తేడా ఉన్నట్టే, జానెడు లోతు తేమ వేరు, మూరెడు లోతు తేమ వేరు.
3. కొలమానం. 38.5 సెల్సియస్, 101.3 ఫారెన్‌హీట్ ఒకటే. కొలమానం రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?
4. పరికరాన్ని ఎప్పుడు సరిచూశారు.
5. కరెంటు పోయి రీడింగు రాకపోతే ఖాళీగా వదిలి కారణం రాయాలి. సున్నా వేస్తే వాన పడలేదని అర్థమవుతుంది.

2016లో శాస్త్రజ్ఞులు ఇందుకు నాలుగు సూత్రాలు ప్రచురించారు. సమాచారం వెతికితే దొరకాలి, తెరవడానికి దారి ఉండాలి, ఇతర సమాచారంతో కలపగలగాలి, మళ్లీ వాడుకోగలగాలి. ఇక్రిశాట్ తన ప్రయోగాల సమాచారాన్ని ‘డేటావర్స్’ అనే ఇంటర్నెట్ భాండాగారంలో ఉంచుతోంది. అక్కడ చేర్చే సమాచారానికి శాశ్వతమైన నంబరు ఉంటుంది. రోగి ఎన్నేళ్ల తరువాత వచ్చినా ఆస్పత్రి నంబరుతో పాత కేస్‌షీటు తీసినట్టే, ఆ నంబరుతో ఏ దేశంలోని పరిశోధకుడైనా దాన్ని తీయగలడు.

మన ఆరోగ్యానికి ఏమి సంబంధం?

యాసంగి వరి కోతలప్పుడు ఎండలో పని చేసినవారికి వడదెబ్బ తగలడం మనకు తెలిసిందే. వేడితో పాటు గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పొలంలోని వేడి, తేమ గంట గంటకూ నమోదై ఉండి, ఆస్పత్రికి రోగులు వచ్చిన వేళలతో పోల్చగలిగితే, ఏ గంటకు పని ఆపాలో మరింత కచ్చితంగా చెప్పవచ్చు. పంట కోసం పెట్టిన సెన్సారు కూలీ ప్రాణం కాపాడవచ్చు. అయితే రోగుల పేర్లు మాత్రం ఎన్నడూ బయటపెట్టరాదు. రైతు వివరాలు కూడా ఆయన అనుమతి లేకుండా ఇవ్వరాదు.

మీ పొలంలో సెన్సారు పెడతామని ఎవరైనా వస్తే ఈ మూడు అడగండి: ఏమి కొలుస్తారు? ఆ అంకెలు ఎక్కడ భద్రపరుస్తారు? మాకూ, మా తరువాతివారికీ దొరుకుతాయా?

చార్టు సరిగా నింపిన సిస్టరు తన డ్యూటీ ముగించుకొని ఇంటికి వెళ్తుంది. చార్టు మాత్రం తరువాత వచ్చినవారికి దారి చూపుతూనే ఉంటుంది. పొలంలోని రీడింగూ అలాగే ఉండాలి.