ఎండలో నలుపు, తెరమీద తెలుపు

మానిటర్‌ను కాలిబ్రేట్ చేశాక కూడా బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తెరమీద చూసినదానికన్నా నల్లగా ఎందుకొస్తుందని మైదుకూరు పాఠకుడొకరు అడిగారు. ఈ తగువులో నింద ఎప్పుడూ ప్రింటరు మీదే పడుతుంది. కానీ చూడాల్సింది కాగితం మీద పడే వెలుతురును. కాలిబ్రేషన్ తెర వెలుగును కొలిచి సరిదిద్దుతుంది, అంతవరకే. ప్రింటును ఏ దీపం కింద చూస్తారో దానికి తెలియదు.

కాగితానికి సొంత వెలుగు లేదు. పడిన కాంతిలో తెల్లకాగితం దాదాపు 90 శాతం వెనక్కిస్తే, మ్యాట్ కాగితం మీది నల్లసిరా అందులో నలభయ్యో వంతే ఇస్తుంది. ట్యూబులైటు కింద కాగితం మీద పడే వెలుతురు 200 లక్సులుంటే, కాగితపు తెలుపు వెనక్కిచ్చే వెలుగు చదరపు మీటరుకు సుమారు 57 క్యాండెలాలు. సరిదిద్దిన తెర తెలుపు సాధారణంగా 120. అంటే ప్రింటు సగం వెలుగులో ఉన్నట్టే. ఇక దాన్ని మైదుకూరు మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తీసుకెళ్లండి. అక్కడ లక్ష లక్సుల దాకా ఉంటుంది. అప్పుడు ఆ సిరా నలుపే 700 క్యాండెలాలు దాటుతుంది, తెరమీది తెలుపుకు దాదాపు ఆరు రెట్లు! అయినా అది నల్లగానే కనిపిస్తుంది. ఎందుకంటే కన్ను కాంతిని తూకం వేయదు, పక్కనున్న తెలుపుతో పోల్చి చూస్తుంది. నలుపన్నది ఒక నిష్పత్తి. ఇది నాకు ఈ శాస్త్రంలోకెల్లా అందమైన విషయం. పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో, గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసే ఆల్బుమెన్ ప్రింట్లు ఎండలోనే అచ్చయ్యేవి. పోల్చడానికి పక్కన వెలిగే తెర లేదు కాబట్టి ఈ చిక్కే లేదు.

అలాగైతే ఫైలునే కాస్త తెల్లగా చేసి పంపితే పోదా అంటారు. పోదు. తెలుపుకు దగ్గరగా ఉన్న ఛాయలన్నీ ఒకటైపోయి ఫొటోలోని తాతగారి తెల్లపంచె మడతలు మాయమవుతాయి. అదే ప్రింటును మంచి వెలుతురులో గోడకు తగిలిస్తే వెలిసిపోయినట్టుంటుంది. కాలిబ్రేషన్ దండగా అంటే అదీ కాదు. తెర స్థిరంగా లేకపోతే దేనితో పోల్చాలో కూడా తెలియదు. తెర నలుపు తెలుపులో వెయ్యో వంతు దాకా దిగగలదు, మ్యాట్ కాగితం నలభయ్యో వంతు దగ్గరే ఆగుతుంది. ఆ తేడా ఏ పరికరంతోనూ పూడదు. రంగు సిరాలు కలిపి చేసిన బూడిద ఒక దీపం కింద పచ్చగా, మరో దీపం కింద ఎర్రగా తిరగడం ఇంకో తలనొప్పి. బూడిద సిరాలే ఎక్కువగా వాడే ప్రింటర్లలో అది తగ్గుతుంది.

కొత్త పరికరం కొనేముందు ప్రింటు చూసే చోట వెలుతురు కొలవండి. 120 క్యాండెలాల తెరకు సరితూగాలంటే కాగితం మీద సుమారు 420 లక్సులు పడాలి.