ఇంటి నర్సుకు జీతమెవరిస్తారు?

మొదటి సంవత్సరంలో శ్వాసవ్యవస్థ పాఠం చెబుతూ మా లెక్చరర్ గారు "ముక్కు లేకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముక్కుతో పనిలేకుండా ఊపిరి పీల్చే పిల్లవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు మా బాబాయి కొడుకు. ఇప్పుడు నాలుగేళ్లు. ఇంట్లో అందరం "చిన్నోడు" అంటాము.

చిన్నోడు నెలలు నిండకుండా పుట్టాడు. చాలా రోజులు గొంతులో గొట్టం వేసి మిషను మీద ఊపిరి పోశారు. ప్రాణం దక్కింది గాని, గొట్టం ఒరుసుకున్నచోట శ్వాసనాళం బాగా ఇరుకైపోయింది. అందుచేత డాక్టర్లు మెడ ముందుభాగాన రంధ్రం చేసి, సన్నని వంపు గొట్టం ఒకటి అమర్చారు. దీన్నే ట్రాకియాస్టమీ అంటారు. ఆ గొట్టంలోంచే వాడికి గాలి వస్తుంది, పోతుంది. గాలి స్వరపేటిక దాకా పోదు కనుక వాడు ఏడిస్తే శబ్దం రాదు. నోరు తెరుచుకుంటుంది, కన్నీళ్లు కారతాయి, అంతే. వంటింట్లో ఉండి వింటూ ఉంటామంటే కుదరదు. పగలైనా రాత్రయినా ఎవరో ఒకరు వాణ్ణి కళ్లతో కనిపెట్టుకుని ఉండాలి.

లెక్చరర్ గారి ప్రశ్నకు జవాబు కూడా వాడి దగ్గరే ఉంది. ముక్కు గాలిని వడబోస్తుంది, వెచ్చజేస్తుంది, తడి చేస్తుంది. ముక్కును తప్పించి గాలి నేరుగా లోపలికి పోతే శ్వాసనాళంలోని తెమడ ఎండి చిక్కబడుతుంది. దాన్ని పైకి నెట్టే శైలికలు సరిగా పనిచేయలేవు. చిక్కబడిన తెమడ గొట్టానికి బిరడాలాగా అడ్డం పడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మాది మిరప పండించే ఊరు. కల్లంలో కాయలు ఆరబోసిన రోజుల్లో మామూలు మనుషులకే తుమ్ములాగవు. ఆ రెండు నెలలూ చిన్నోణ్ణి తలుపులు వేసిన గదిలోనే ఉంచుతారు.

ఇక పిన్ని చేసే పని చెబుతాను. గొట్టంలో గురగుర వినపడగానే చేతులు కడుక్కుని, సక్షన్ మిషనుకు సన్నని కాథెటర్ తగిలించి, తెమడ లాగాలి. కాథెటర్ ఎంత లోతు పోవాలో ముందే కొలత ఉంటుంది. అంతకు మించితే లోపలి పొర గాయపడుతుంది. లోపలికి దించేటప్పుడు పీల్చకూడదు, బయటికి తీసేటప్పుడే పీల్చాలి. పది సెకన్లు దాటకూడదు. ఎందుకంటే మిషను తెమడతోబాటు పిల్లవాడి ఊపిరిని కూడా లాగేస్తుంది. మెడకు కట్టిన పట్టీలో ఒక్క వేలు మాత్రం దూరాలి. వదులైతే గొట్టం ఊడిపోతుంది, బిగువైతే మెడ ఒరుసుకుపోతుంది. అదే సైజు గొట్టమొకటి, అంతకన్నా ఒక సైజు చిన్నదొకటి ఎప్పుడూ పక్కనే సిద్ధంగా ఉండాలి. స్నానం చేయించేటప్పుడు ఒక్క చుక్క నీరు లోపలికి పోకూడదు.

మా పిన్ని పదో తరగతి వరకు చదివింది. ఆస్పత్రిలో ఈ పనంతా డిగ్రీ చదివిన నర్సులు చేస్తారు. వారికి డ్యూటీ ముగిసే వేళంటూ ఉంటుంది. పిన్నికి లేదు.

ఆమెకు నేర్పింది ఎంతసేపనుకున్నారు? ఇంటికి పంపే రోజు సాయంత్రం, ఒక నర్సమ్మ హడావుడిలో రెండుసార్లు చేసి చూపించింది. పిన్ని చేత ఒక్కసారి చేయించింది. అంతే! ఆ నర్సమ్మను తప్పుబట్టను. వార్డు నిండా పిల్లలున్నారు, ఆమె ఒక్కతే. తర్వాత చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ పిన్ని అందరినీ అడిగి అడిగి, నోటుబుక్కులో వ్రాసుకుని మిగతాది నేర్చుకుంది.

నిరుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక రాత్రి కరెంటు పోయింది. పిన్ని కాలితో తొక్కే సక్షన్ పంపు తీసింది. కాథెటర్ గొట్టంలోకి దిగలేదు. చిన్నోడి పెదవులు నీలంగా మారుతున్నాయి. బాబాయి గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయాడు. పిన్ని మాత్రం "ఒరేయ్ అబ్బాయ్, లైటు సరిగా పట్టు" అని, పట్టీ కత్తిరించి, పాత గొట్టం లాగేసి, కొత్తది పెట్టింది. వాడి గుండె ఎగసింది. స్వరపేటిక బొమ్మ గీసి, భాగాలు గుర్తించి పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకున్న నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకోవడానికే వణికిపోయాను.

కాలేజీకి తిరిగి వచ్చాక, ఇలాంటి పిల్లల్ని ఇతర దేశాలవారు ఎలా సాకుతున్నారో చదవటం మొదలుపెట్టాను. ఆ చదువులోనే కేటీ బెకెట్ కథ తెలిసింది.

కేటీ 1978లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టింది. పసితనంలోనే మెదడువాపు వచ్చి, మిషను సాయం లేనిదే ఊపిరి తీసుకోలేని స్థితికి వచ్చింది. తర్వాత ఇంట్లో ఉంచి చూసుకోవచ్చునని డాక్టర్లు చెప్పినా, మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకం ఆస్పత్రిలో ఉంటేనే ఖర్చు భరిస్తానన్నది. ఇంట్లో అయ్యే ఖర్చు ఆస్పత్రి ఖర్చుకన్నా చాలా తక్కువ. అయినా రూలు రూలే! 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ పత్రికా సమావేశంలో ఈ సంగతి ప్రస్తావించిన తర్వాత ఆ పిల్లకు మినహాయింపు దొరికింది. 1982లో చట్టం మారి, అలాంటి పిల్లలకు ఇంట్లోనే వైద్యసహాయం ఇచ్చే వెసులుబాటు రాష్ట్రాలకు కలిగింది. కేటీ పెద్దదై, తనవంటివారి కోసం పాటుపడి, 2012లో కన్నుమూసింది.

పిల్లలు ఇంటికి వచ్చారు సరే, నర్సులు రావద్దూ? మెడికెయిడ్ గంటలు మంజూరు చేసినా ఆ గంటలకు నర్సులు దొరకని ఇళ్లు అక్కడ ఎన్నో. ఆ ఖాళీ గంటల్లో పని చేసేది తల్లే. నర్సు చేస్తే జీతం, తల్లి చేస్తే కర్తవ్యం. ఉద్యోగం మానుకునేదీ ఆమే.

దీనికి కొన్ని రాష్ట్రాలు ఒక దారి కనిపెట్టాయి. కొలరాడోలో తల్లిదండ్రులు నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణ పొంది, పరీక్ష ప్యాసై, ఇళ్లకు వైద్యసేవలందించే సంస్థలో ఉద్యోగులుగా చేరవచ్చు. తమ బిడ్డకు చేసే పనికే గంటల లెక్కన జీతం వస్తుంది. ఈ శిక్షణకు అక్కడి జాతీయ చట్టం ప్రకారం కనీసం 75 గంటలుండాలి. అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్చుకోవాలి. అయితే మామూలు అసిస్టెంటు గొట్టం సక్షన్ వంటి పనులు చేయరాదు. అరిజోనా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ఆ లోటు కూడా పూరించింది. 21 ఏళ్లలోపు పిల్లల కుటుంబసభ్యులు ప్రత్యేక శిక్షణ పొంది లైసెన్సు తీసుకుంటే, ట్రాకియాస్టమీ సంరక్షణ, గొట్టం ద్వారా ఆహారమివ్వడం, మందులివ్వడం వంటివి వేతనం తీసుకుని చేయవచ్చు.

ఈ సంగతి పిన్నికి చెబితే నవ్వింది. "కన్నబిడ్డకు చేసినందుకు జీతమేంట్రా? నలుగురూ వింటే నవ్విపోతారు" అంది.

చాలామందికి ఇదే అభ్యంతరం ఉంటుంది. నేను దీనికి మా ఇంటి లెక్కతోనే జవాబు చెబుతాను. చిన్నోడు పుట్టకముందు పిన్ని మిరపకోతలకు మా చేలోకి వచ్చేది, మిగతా రోజుల్లో బయట కూలికి పోయేది. ఇప్పుడు ఆమె బదులు కోతకు ఒక మనిషిని పెట్టుకుంటున్నాం. ఆమె తెచ్చే కూలి రావటం లేదు. అంటే పిన్ని చేసే పనికి ధర ఉంది, ఆ ధర ఇప్పటికే ఎవరో కడుతున్నారు. మా ఇల్లే కడుతోంది.

రెండో మాట ఇంతకన్నా ముఖ్యం. జీతమంటే డబ్బు ఒక్కటే కాదు. జీతమున్నచోట శిక్షణ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, పైన ఒక నర్సు వచ్చి చూసి తప్పులు దిద్దటం ఉంటుంది. ఆ నోటుబుక్కులో ఒక్క తప్పు దొర్లి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేది? పిన్ని ప్రేమలో లోపం లేదు. కాని కాథెటర్ కొలత ప్రేమతో తెలియదు, ఎవరో నేర్పాలి.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. తల్లికి జీతమిచ్చాం గదా అని నర్సులను పంపటం మానేస్తే, ఆమె ఇరవైనాలుగు గంటల కూలీ అవుతుంది. ఆమెకు జ్వరమొస్తే ఎవరు చూడాలి? కనుక జీతంతోబాటు సెలవూ ఉండాలి, సెలవు రోజున చేతులు కలిపే ఇంకొక మనిషీ ఉండాలి.

మన దేశంలో ఏమీ లేదనటం కూడా సరికాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులంటే ఎవరో నిర్వచిస్తూ, వేతనం తీసుకున్నా తీసుకోకపోయినా తల్లిదండ్రులను, కుటుంబసభ్యులను అందులో చేర్చింది. అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలను కూడా పేర్కొన్నది, కాకపోతే ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్నది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద, మంచాన పడినవారిని చూసుకునే వారికే నెలనెలా కొంత సాయం ఇచ్చే ఏర్పాటు చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛను నెలకు 15,000 రూపాయలు చేశారు. మంచిదే. కాని అది రోగికి ఇచ్చేది. మా చిన్నోడు గొట్టంతోనే కోళ్ల వెంట పరుగెత్తుతాడు కనుక ఆ లెక్కలోకి రాడు.

నేను కోరేవి మూడు. ఒకటి, ఇటువంటి బిడ్డను ఇంటికి పంపేముందు ఇంట్లో కనీసం ఇద్దరికి నేర్పి, చేయించి చూసి, ప్యాసైతేనే పంపాలి. రెండు, ఆ నేర్పుకు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. రేపు ఆమె మరో ఇంట్లో అదే పని చేసి బ్రతకవచ్చు. మూడు, చట్టంలో వ్రాసుకున్న భత్యాన్ని చేతికి అందించాలి. మన మధ్య రేపు డాక్టర్లు, నర్సులు, ఆఫీసర్లు కాబోయేవారున్నారు. ఇప్పటికే అయినవారు ఈ సావనీరు చదువుతారు. మొదటిదానికి కొత్త చట్టం అక్కరలేదు, వార్డులో ఒక పూట చాలు.

మొన్న వేసవిలో పిన్ని దగ్గర నేను నేర్చుకున్నాను. పట్టీలో వేలు పెట్టి చూసింది, సెకన్లు లెక్కబెట్టింది, రెండుసార్లు తప్పన్నది. మూడోసారి సరేనన్నది. ఆ రాత్రి చిన్నోడి పక్కన నేను కూర్చున్నాను. జీతం మాట ఎత్తితే నవ్విన పిన్ని, "తెల్లారిందాకా లేపకురా" అని అవతలి గదిలోకి వెళ్లి పడుకుంది. నాలుగేళ్లలో ఆమె తెల్లవార్లూ నిద్రపోవటం అదే మొదటిసారి.

— బి.ఎస్సీ. విద్యార్థి