మీకు తెలుసా? వసంతంలో కిన్నెరసాని అడవి

● పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. అక్కడి జలాశయంలో మొసళ్లు ఉంటాయి కాబట్టి పిల్లల్ని నీటి అంచుకు పోనివ్వకూడదు. జింకల పార్కులో మాత్రం చుక్కల దుప్పులను తనివితీరా చూపించవచ్చు.

● ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ చెట్టు ఆకు రాల్చి ఒళ్లంతా పూస్తుంది. తేనె కోసం వాలే పక్షులు దాని పుప్పొడిని మోసుకెళతాయి. ఆ పూలను నీళ్లలో మరిగిస్తే హోలీ రంగు సిద్ధం.

● ఇప్పపూలు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలతాయి. కోయ కుటుంబాలు పొద్దున్నే బుట్టలతో వెళ్లి ఏరుకుంటాయి. ఎలుగుబంట్లకూ ఆ తీపి పూలంటే ప్రాణం.

● చెట్ల మాట వచ్చింది కాబట్టి, ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య ఖాళీ జాగా కనిపిస్తే విత్తనం చల్లేవారు, మొక్క నాటేవారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

● శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లే కుటుంబాలు ఒక పూట కిన్నెరసాని అడవిలోనూ గడపవచ్చు. ఎండాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడినా గూళ్లూ వాటిలోని పక్షిపిల్లలూ కాలిపోతాయి. అందుకే అగ్గిపెట్టె, ప్లాస్టిక్ సంచి ఇంట్లోనే వదిలి రండి.