వీధి అందరిదీ, చీపురు కొందరిదే

‘పల్లెలో అయితే సరే, నగర వీధిలో కులం ఎక్కడ కనిపిస్తుంది సార్?’ అని ఈమధ్య తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. హైదరాబాద్‌లో మా వీధిని ఒక్క రోజు గమనిస్తే చాలు, జవాబు దొరుకుతుంది.

ఉదయం 5 గంటలు. పారిశుద్ధ్య కార్మికురాలు ఒకరు రాత్రి మిగిల్చిన చెత్తను ఊడుస్తున్నారు. దాహమని అడిగితే ఒక గేటు తెరుచుకుంది. నీళ్లు వచ్చింది ఇంట్లో వాడే గ్లాసులో కాదు, పాత ప్లాస్టిక్ సీసాలో. ‘ఉంచుకోమ్మా, తిరిగి ఇవ్వక్కర్లేదు’ అన్న మాట దయలాగే వినిపించింది. ఆమె తాగిన సీసా ఇక ఇంట్లోకి రాకూడదన్నదే దాని అసలు అర్థం.

9 గంటలకు మలుపులో, గొడుగు కింద, చెప్పులు కుట్టే పెద్దాయన ఆరె, దారం సర్దుకుంటారు. తండ్రిదీ తాతదీ అదే పని. చదువుకున్నవారే తెగిన చెప్పును కాలితో ఆయన ముందుకు నెడతారు. డబ్బులు చేతికి తగలకుండా గోనెపట్టా మీద జారవిడుస్తారు.

మధ్యాహ్నం మ్యాన్‌హోల్ మూత తెరిచి ఉంది. నడుముకు తాడు తప్ప మరే రక్షణా లేని యువకుడు లోపలికి దిగుతున్నాడు. మనిషిని అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం మూడింతలైంది. దిగేవారిలో అత్యధికులు నేటికీ దళితులే.

1924లో వైకంలో, గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. 1927లో మహాడ్‌లో చెరువు నీరు తాగే హక్కు కోసం అంబేడ్కర్ వేలమందిని నడిపించారు. అటువంటి పోరాటాల ఫలితంగానే వీధి, చట్టం దృష్టిలోనైనా, అందరిదీ అయింది. దాన్ని శుభ్రం చేసే భారం మాత్రం ఇంకా పుట్టుకతోనే సంక్రమిస్తోంది. మురుగులోకి మనుషులకు బదులు యంత్రాలు దిగాలి. ఊడ్చేవారికి పర్మినెంట్ ఉద్యోగాలు, వారి పిల్లలకు వేరే వృత్తుల్లోకి దారి కావాలి. మరణానంతర పరిహారం వీటికి ప్రత్యామ్నాయం కాజాలదు.

ఆ విద్యార్థికి మరొకటి కూడా చెప్పాలి. మా వంటగదిలోనూ, పనిమనిషికని, ఒక స్టీలు గ్లాసు కిటికీలో విడిగా ఉండేది. దాన్ని అక్కడ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఏళ్ల తరబడి ఎవరమూ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్న రోజునే దాన్ని తీసి మిగతా గ్లాసుల్లో కలిపాను. కులం గురించి ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి అది కనిపించడానికి ఇంతకాలం పట్టింది.