‘ఆయనే’నా? ‘ఆయన నుండే’నా?

“దూదే నూలయింది, నూలే వస్త్రమయింది, అలాగే అల్లాహ్‌యే లోకమయ్యాడు” అంటే, పత్తి పండే మన గుంటూరు, ప్రకాశం సీమల వారికి ఇట్టే బోధపడుతుంది. కాని ఈ ఉపమానం సరైనదేనా?

దీనికి ఆధారంగా ‘వహ్దతుల్ వుజూద్’ సిద్ధాంతాన్ని, షేఖ్ ఇబ్నె అరబీ (1165–1240) పేరును చెబుతారు. నిజమైన ఉనికి అల్లాహ్‌దేననీ, సృష్టి ఆయన నామాల ప్రతిఫలనమనీ షేఖ్ భావం. దేవుడు లోకంగా మారాడని కాదు. వస్త్రమైన దూది ఇక దూదిగా మిగలదు. అల్లాహ్‌కు మార్పు లేదు.

హజ్రత్ షేఖ్ అహ్మద్ సర్హిందీ (1564–1624) మరో ఉపమానమిచ్చారు. సూర్యుడుదయించాక నక్షత్రాలు కానరావు. అంతమాత్రాన అవి లేవనగలమా? సాధకునికి తోచే ఏకత్వం చూపులోనిదే. ఇదే ‘వహ్దతుష్ షుహూద్’.

పారశీకంలో ‘హమా ఊస్త్’ అంటే ‘అంతా ఆయనే’; ‘హమా అజ్ ఊస్త్’ అంటే ‘అంతా ఆయన నుండే’. తేడా ‘అజ్’ అనే చిన్నమాటలోనే ఉంది.

పిఠాపురం కవి ఉమర్ అలీషా (1885–1945) వంటివారు సూఫీ తత్వాన్ని వేదాంత పరిభాషలో తెలుగువారికి వినిపించారు. ‘అద్వైతం’ అన్న మాట మనకు సులువే. కాని దానితో దాని వాదాలూ వెంట వస్తాయి. అనువాదకుడు ‘నుండి’ని జారవిడిస్తే పాఠకుని విశ్వాసమే తారుమారవుతుంది. సజ్దా చేసే దాసుడు వేరు, సజ్దాకు అర్హుడైన ప్రభువు వేరు అయినప్పుడే కదా ఆరాధనకు అర్థం!