పులుపును కొలిచిన పెట్టె

ద్రావణ మొకటి ఆమ్లమో, క్షారమో, రెండును గాక తటస్థమో తెలిసికొనుటకు మానవుడు తొలుత నాలుకను, పిమ్మట పూలరంగును నమ్ముకొనెను. వయొలెట్ పూల పానకము ఆమ్లము తగిలిన ఎఱ్ఱబారుననియు, క్షారము తగిలిన పచ్చబడుననియు 1664లో ప్రకటించి రాబర్టు బాయిల్ ఆ పరీక్షకు శాస్త్రగౌరవము కలిగించెను. నేటి పాఠశాలల లిట్మస్ కాగితమును ఆ కోవలోనిదే. అయితే పులుపున్నదా యని అడిగిన బదులు చెప్పు కాగితము, ఎంత యున్నదని అడిగిన నోరు మెదపదు. ఆ యెంతకు కొలమానము నేర్పరచినవాడు కోపెన్‌హేగెన్ నగరమున బీరు కర్మాగారమువారి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్. 1909లో ఆయన ప్రతిపాదించిన పీహెచ్ మానములో 7 తటస్థస్థానము. దానికి దిగువ ఆమ్లము, ఎగువ క్షారము. ఒక్క మెట్టు దిగినచో ఆమ్లత పదిరెట్లు హెచ్చును.

మానము సిద్ధమయ్యెను గాని, దానిని చదువు సాధనము మాత్రము పావు శతాబ్దము వరకు ప్రయోగశాలల మూలలను దాటలేదు. దానిని వెలుపలికి ఈడ్చినది కాలిఫోర్నియా నిమ్మకాయ. అమ్మకమునకు పనికిరాని కాయలనుండి పెక్టిన్, సిట్రిక్ ఆమ్లము తీయు కర్మాగారపు రసాయనికుడు గ్లెన్ జోసెఫ్ రసపు ఆమ్లతను కొలువవలసి వచ్చినప్పుడు, రసము చెడకుండ కలిపిన సల్ఫర్ డయాక్సైడు లిట్మస్ రంగును విరిచివేయుచుండెను. ఉదజని ఎలక్ట్రోడును సైతము పాడుచేయుచుండెను. ఇక మిగిలినది గాజు ఎలక్ట్రోడు. పలుచని గాజుపొరకు ఇరువైపులను ఆమ్లతలు వేరైన ద్రావణములున్నచో ఆ పొరమీద స్వల్ప వోల్టేజి పుట్టునని క్రెమర్ 1906లో కనుగొనగా, హేబర్, క్లెమెన్సీవిచ్‌లు 1909లో దానిని కొలతకు అనువుగా మలచిరి. చిక్కంతయు గాజులోనే యున్నది. దాని విద్యున్నిరోధము కోట్ల ఓములు. గాల్వనామీటరు ముల్లు కదలుటకు వలయు కరెంటును దానినుండి లాగబూనుట, బొట్టుబొట్టుగా ఊరు చెలమలో కడవ ముంచి లోతు చూడబోవుట వంటిది. నిరోధము తగ్గుటకై గాజుబుడ్డిని పెద్దదిగా, పలుచగా ఊదినచో అది చేయి తగిలిన పగులును.

జోసెఫ్ 1934లో తన పూర్వ సహాధ్యాయి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అధ్యాపకుడునైన ఆర్నాల్డ్ బెక్‌మన్ కడకు పోయి మొరపెట్టుకొనెను. బెక్‌మన్ అంతకుముందు బెల్ ప్రయోగశాలలలో పనిచేసి రేడియో వాల్వుల గుణము లెఱిగినవాడగుటచే, ముల్లును మార్చుట మాని, గాజునుండి దాదాపు కరెంటు తీయకయే వోల్టేజిని మాత్రము గ్రహించి పెంచునట్లు రెండు వాల్వుల నమర్చెను. గట్టి గాజుబుడ్డియే చాలునాయెను. కొన్ని నెలలకు జోసెఫ్ మరల వచ్చి రెండవది కావలెననెను. మొదటిదానిని తోడివారు తీసికొనిపోయి తిరిగి ఈయకుండిరట! యంత్రమునకు ఇంతకన్న యోగ్యతాపత్రమేమి వలయును?

బెక్‌మన్ సిద్ధాంత మేదియు క్రొత్తగా కనుగొనలేదని తేలికచేయువారు లేకపోలేదు. గాజును, వాల్వును, ముల్లును ఒక్క చెక్కపెట్టెలో ఇమిడ్చి, విద్యుచ్ఛాస్త్రము రాని రసాయనికుని చేతికి అందించుటయే నా దృష్టిలో అసలు కల్పన. 195 డాలర్ల ధర గల ఆ పెట్టె పదేండ్లలో ఆరువందలు అమ్ముడగునేమోయని ఫిలడెల్ఫియాలోని పరికరముల వర్తకుడొకడు అంచనా వేసెను. గిరాకి దానిని త్వరలోనే దాటిపోయెను.

నేటి పీహెచ్ మీటరులో వాల్వుల స్థానమున ట్రాన్సిస్టరులు చేరినవి. గాజుబుడ్డి మాత్రము మారలేదు. 25 డిగ్రీల సెంటిగ్రేడున పీహెచ్ మెట్టొక్కింటికి 59 మిల్లీవోల్టుల చొప్పున అది పలుకును. కొలతకు పూర్వము పీహెచ్ తెలిసిన బఫర్ ద్రావణములలో ముంచి సరిచూడవలెను. పని ముగిసిన పిమ్మట ఎండనీయక తడిలో నుంచవలెను. మన భూసార పరీక్షాకేంద్రములలో తూచిన మట్టిని నీటితో కలియబెట్టి ఆ బుడ్డిని ముంచుదురు; అంకె 8.5 దాటి కారుచౌడని తేలినచో, ఎకరమునకెంత జిప్సము చల్లవలెనో రైతునకు లెక్కగట్టి చెప్పుదురు.