గుర్రం పరీక్షలో తప్పితే రౌతు ప్రతిఫలం ఏమవుతుంది?

గుర్రపు పందెం ముగిసిన తరువాత గెలిచిన గుర్రం మూత్రాన్ని, రక్తాన్ని పరీక్షిస్తారు. నిషిద్ధ ఔషధం జాడ కనబడితే గెలుపు రద్దవుతుంది. బహుమానం రెండవ గుర్రానికి పోతుంది. గుర్రం పోషణ, మందుమాకుల బాధ్యత శిక్షకునిది. పందెం రోజున జీనెక్కి స్వారీ చేయడమే జాకీ పని. మరి అతని ప్రతిఫలం మాటేమిటి?

ముందుగా పందెం సంగతి. ఇస్లాం గుర్రపు స్వారీని ప్రోత్సహించింది. దైవప్రవక్త (సఅసం) మదీనాలో తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు పరుగు పందెం పెట్టించారని, హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) పందెంలో పాల్గొన్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పాలకుడో, మూడవ వ్యక్తో ఇచ్చే బహుమానం ధర్మసమ్మతం. చూసేవారు ఒడ్డే సొమ్ము మాత్రం జూదం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారిన హైదరాబాదు పందేలకైనా ఈ నియమమే వర్తిస్తుంది. గుర్రపు పందెం నైపుణ్యపు ఆట అని 1996లో సుప్రీం కోర్టు చెప్పింది. అది దేశ చట్టానికి సంబంధించిన తీర్పు. జూదపు రాబడి నుంచి వచ్చే బహుమానం హలాలా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడి ప్రశ్న పనివానికీ, పని చేయించుకున్నవానికీ మధ్య న్యాయం గురించి.

పందెంలో అక్రమ సహాయం కొత్త సమస్య కాదు. గుర్రం వెంట మనిషిని పెట్టి అరిపించి దాన్ని ఉరికించడాన్ని ‘జలబ్’ అన్నారు. మార్చి ఎక్కడానికి పక్కన మరో గుర్రాన్ని నడిపించడాన్ని ‘జనబ్’ అన్నారు. హదీసు రెండింటినీ నిషేధించింది. పరుగు గుర్రానిదే కావాలి, స్వారీ రౌతుదే కావాలి అన్నది దీని సారం. మందు ఎక్కించడం కూడా ఈ కోవలోనిదే.

ఇక ప్రతిఫలం. జాకీకి వచ్చేది రెండు రకాలు: స్వారీకి ఇంత అని నిర్ణయమైన రుసుము ఒకటి, గెలిస్తే బహుమానంలో వాటా మరొకటి. ఈ తేడా వరంగల్లు వైపు రైతులకు బాగా తెలిసినదే. గూడూరు మండలంలో మిరపకాయలు ఏరడానికి వచ్చిన కూలీకి పొద్దుగూకేసరికి రోజు కూలి ముట్టాలి. విత్తనం నకిలీదై పంట దెబ్బతిన్నదని రైతు కూలి ఎగవేస్తే ఊరు ఒప్పుకోదు. అదే చేనును పాలుకు చేసినవాని సంగతి వేరు. పంట ఉంటేనే అతనికి పాలు.

ఫిఖహ్‌లో మొదటిది ‘ఇజారా’. పని జరిగితే వేతనం ఖాయం. చెమట ఆరకముందే ఇవ్వాలన్నది ప్రవక్త ఉపదేశం. రెండవది ‘జుఆలా’ వంటిది, అంటే ఫలితం మీద ఆధారపడిన బహుమతి. యూసుఫ్ సూరా 72వ ఆయతులో రాజు పాత్రను తెచ్చినవారికి ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామన్న ప్రకటన దీనికి ఆధారం. హనఫీ ధర్మవేత్తలు జుఆలాను సాధారణంగా అంగీకరించకపోయినా తక్కిన మూడు మజ్‌హబ్‌లు అంగీకరించాయి.

2021 మే 1న అమెరికాలో కెంటకీ డర్బీ గెలిచిన మెడీనా స్పిరిట్ శరీరంలో బీటామెథసోన్ కనబడింది. 2022 ఫిబ్రవరిలో గెలుపు రద్దయి, మాండలూన్ విజేత అయింది. మొదటి బహుమానం 18,60,000 డాలర్లు. రివాజు ప్రకారం జాకీ వాటా అందులో పదవ వంతు. మెడీనా స్పిరిట్‌పై స్వారీ చేసిన జాన్ వెలాస్కెజ్ మీద ఏ నేరమూ మోపలేదు. అయినా ఆ వాటా అతనికి ఉండనివ్వడం న్యాయమా? మాండలూన్‌పై స్వారీ చేసిన ఫ్లోరెంట్ జెరూ కూడా నిర్దోషే. ఒక నిర్దోషిపై జాలితో మరొక నిర్దోషి హక్కును తీసి ఇవ్వడం న్యాయం అనిపించుకోదు.

లాభం ఆశించినవాడే నష్టమూ భరించాలన్న మజల్లా 87వ సూత్రాన్ని చూపి, జాకీ రుసుమును కూడా వాపసు తీసుకోవాలని కొందరు వాదించవచ్చు. ఆ సూత్రం వాటాకు వర్తిస్తుందే గాని వేతనానికి వర్తించదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరని అల్ అన్‌ఆమ్ సూరా 164వ ఆయతు బోధిస్తున్నది. శిక్షకుని తప్పుకు జాకీ కూలి కోయడం ఆ బోధనకు విరుద్ధం.

మోసపోయినవాడు మోసగించినవాని నుంచి రాబట్టుకోవచ్చునన్నది మరొక సూత్రం. అయితే రద్దయిన గెలుపులోని వాటాను జాకీ నష్టంగా చూపలేడు. మందు లేకుంటే ఆ గెలుపు దక్కేదో లేదో ఎవరూ చెప్పలేరు. నిజంగా చేతినుంచి పోయిన ఖర్చును మాత్రం అడగవచ్చు. మందు సంగతి ముందే తెలిసి జీనెక్కితే అతడూ మోసంలో భాగస్వామే. అప్పుడు ఈ రక్షణ ఏదీ అతనికి ఉండదు.

కనుక స్వారీ రుసుమును, బహుమానపు వాటాను ఒప్పందంలో వేరువేరుగా రాసుకోవాలి. పరీక్ష ఫలితం తేలేదాకా వాటాను అమానతుగా ఉంచాలి. రుసుమును మాత్రం ఆ సాయంత్రమే చెల్లించాలి.